మూడు నెలలుగా కాటా కదలట్లేదు, బెల్టు మాత్రం రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. జిమ్ మానేయమంటారా?

గట్టుమీద_నడక
మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. వయసు 41, ఎత్తు 168 సెంటీమీటర్లు. సంక్రాంతి వెళ్లాక రక్తపరీక్ష చేయిస్తే మూడు నెలల షుగర్ 6.1 వచ్చింది, బోర్డర్‌లో ఉన్నావన్నారు. ఆ మర్నాటి నుంచి రోజూ తెల్లారుజామున కాలవగట్టు మీద ముప్పావుగంట నడుస్తున్నాను. వారంలో మూడు రోజులు జిమ్‌కి వెళ్లి బరువులు ఎత్తుతున్నాను. రాత్రి అన్నం సగానికి తగ్గించాను. మొదలుపెట్టిన రోజు కాటా మీద 71.8. ఇవాళ 71.3. మూడు నెలలకి అర కేజీ!

బెల్టు మాత్రం రెండు బెజ్జాలు లోపలికి వచ్చింది. పాత ప్యాంట్లు జారిపోతున్నాయి. నిన్న ఆఫీసులో హెల్త్ చెకప్ పెట్టారు. అక్కడ కూర్చున్నాయన పాత కాగితం, కొత్త కాగితం పక్కపక్కన పెట్టి "మార్పేమీ లేదు, ఇంకా కష్టపడాలి" అని రాసిచ్చేశాడు. నడుం కొలవలేదు, ఏం చేస్తున్నావని అడగలేదు. ఇంటికొచ్చి ఆ కాగితం మళ్లీ చూసుకుంటే ఏడుపొచ్చింది. నేను చేసేది తప్పా? జిమ్ మానేసి నడక ఒక్కటే పెంచాలా?

కాటా_సుబ్బు
మానొద్దు. నేను రైస్ మిల్లులో 18 ఏళ్ల నుంచి కాటా దగ్గరే ఉన్నాను. ధాన్యం వస్తే ముందు తూకం వెయ్యం. గుప్పెడు గింజలు తేమ మిషన్లో పోస్తాం. 17 శాతం దాటితే ఆరబెట్టుకుని రమ్మంటాం. ఆ తర్వాత తాలు ఎంత, మట్టి ఎంత, రంగు మారిన గింజ ఎంత అని చూస్తాం. 75 కేజీల బస్తాలు రెండు పక్కన పెడితే ఒకదాంట్లో బియ్యం ఎక్కువ, ఇంకోదాంట్లో నీళ్లు ఎక్కువ. కాటాకి రెండూ ఒకటే. మనిషికి మాత్రం బరువు చూసి వదిలేస్తామేంటండి? నీళ్లు, ఎముక, కండ, కొవ్వు, పొద్దున తిన్న ఇడ్లీ అన్నీ కలిపి వచ్చిన ఒక్క అంకె అది.

రొయ్యల_చెరువు_భీమవరం
సుబ్బు గారు భలే చెప్పారు. మా దగ్గర కౌంట్ అడక్కుండా ఎవరూ రేటు చెప్పరు. కేజీకి 30 తూగే రొయ్యా కేజీయే, 100 తూగేదీ కేజీయే.

నడక గారూ, మొదట్లో నడుం కొలిచారా? బెల్టు బెజ్జాలు కాదు, టేపుతో.

గట్టుమీద_నడక
కొలిచాను. మా వీధి టైలర్ టేపుతో అప్పుడు 96 సెంటీమీటర్లు, ఇప్పుడు 89న్నర. బొడ్డు దగ్గరే రెండుసార్లూ.

ఫిజియో_అమలాపురం
ఆరున్నర సెంటీమీటర్లు తగ్గి మార్పు లేదంటే ఎలా ఒప్పుకుంటాం? కొంచెం వివరంగా రాస్తాను, ఓపికగా చదవండి.

మీరు 41 ఏళ్ల వయసులో మొదటిసారి బరువులు ఎత్తుతున్నారు. కొత్తగా మొదలుపెట్టినవాళ్లకి కండ బాగానే వస్తుంది. ఆ కండలో గ్లైకోజన్ అని చక్కెర నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాముతో పాటు దాదాపు 3 గ్రాముల నీళ్లు కూడా ఉంటాయి. ఇంకోవైపు పొట్ట దగ్గర కొవ్వు కరుగుతోంది. ఉదాహరణకి 3 కేజీల కొవ్వు పోయి, కండా దాని నీళ్లూ కలిపి రెండున్నర వచ్చాయనుకోండి. కాటా అర కేజీయే చూపిస్తుంది. అద్దం, ప్యాంటు, బెల్టు మాత్రం అసలు సంగతి చెప్పేస్తాయి.

మీ షుగర్‌కి ఇదే కావాలి కూడా. అన్నం తిన్నాక రక్తంలోకి వచ్చే చక్కెరలో పెద్ద వాటా లాక్కునేది కండే. కండ పెరిగితే ఆ చక్కెరకి చోటు దొరుకుతుంది. జిమ్ మానేస్తే ఆ చోటు మీ చేతులారా తగ్గించుకున్నట్టే.

అయితే పని పూర్తయిందని మాత్రం అనను. మన దేశపు మగవాళ్లకి నడుం 90, ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే ప్రమాదం పెరిగినట్టు లెక్క. మీరు ఇప్పుడే 90 కిందకి దిగారు. ఎత్తులో సగం కంటే నడుం తక్కువ ఉండాలని ఇంకో సులువైన లెక్క ఉంది. మీకు అది 84. ఇంకా అయిదున్నర సెంటీమీటర్లు ఉంది. అదే దారిలో వెళ్లండి.

పాలకొల్లు_పద్మ
కొవ్వు కంటే కండ బరువు ఎక్కువ, అందుకే కాటా తగ్గలేదు. మా కోచ్ కూడా ఇదే చెప్పాడు. కొవ్వే కండగా మారిపోతుందట.

ఫిజియో_అమలాపురం
పద్మ గారూ, ఇందులో రెండు మాటలు సరిచేయాలి. కేజీ ఎప్పుడైనా కేజీయే. తేడా అది ఆక్రమించే చోటులో. కేజీ కొవ్వుకి దాదాపు 1.1 లీటరు చోటు కావాలి, కేజీ కండకి 0.94 లీటరు చాలు. పైగా పోయేది పొట్ట దగ్గర, వచ్చేది తొడలు, భుజాలు, వీపు దగ్గర. కొవ్వు కండగా మారడం అనేది లేదు. రెండూ వేరు వేరు కణజాలాలు. ఒకటి తగ్గుతుంది, ఇంకోటి పెరుగుతుంది.

మండపేట_మూర్తి
అందరూ కలిసి ఆయన్ని ఓదార్చేస్తున్నారు. నాకు నచ్చలేదు, ఉన్నమాట చెప్తాను. నేను 104 కేజీలు ఉండేవాణ్ణి. ఎవరైనా బరువు గురించి ఎత్తితే "నాది ఎముకల బరువు" అనేవాణ్ణి. మా ఇంట్లో కాటాని మంచం కిందకి తోసేశాను. ధవళేశ్వరం గుడి మెట్లు ఎక్కలేక మోకాళ్లు పట్టుకున్న రోజు బుద్ధొచ్చింది. ఏడాదిన్నరలో 86కి వచ్చాను. మోకాళ్ల నొప్పి పోయింది, డాక్టర్ గారు బీపీ మాత్ర డోసు సగం చేశారు. రోజూ కాటా ఎక్కకపోతే నాకు ఇదేదీ జరిగేది కాదు. బరువుతో పని లేదనే మాట విని మా చిన్నాన్న కొడుకు లాంటివాళ్లు ఇంకో పదేళ్లు అలాగే కూర్చుంటారు. ఎత్తుకి బరువు సరిపోయిందా అని చూసే బీఎంఐ లెక్క 25 దాటిందంటే దాటినట్టే.

లక్ష్మి_టీచర్_తణుకు
మూర్తి గారూ, మీ కష్టం గొప్పది. కానీ మా అమ్మ సంగతి కూడా వినండి. అమ్మ 47 కేజీలు. జీవితంలో ఎప్పుడూ 50 దాటలేదు. చుట్టాలంతా "నీకేంటమ్మా, పుల్లలా ఉంటావు, నీకు ఏ జబ్బూ రాదు" అనేవాళ్లు. అమ్మ కూడా అదే నమ్మింది. అప్పుడప్పుడు ఆసుపత్రికి వెళ్తే బరువు చూసి "బాగుంది" అని పంపేసేవారు. కాలికి చిన్న దెబ్బ తగిలి నెలన్నర మానకపోతే అప్పుడు పరీక్ష చేయిస్తే షుగర్ 300 పైన ఉంది. ఎన్నేళ్లుగా ఉందో ఎవరికీ తెలియదు. ఇప్పుడు అమ్మకి 66. చేతులూ కాళ్లూ సన్నం, పొట్ట మాత్రం ముందుకి ఉంటుంది. కాటా అమ్మని ఎన్నో ఏళ్లు మోసం చేసింది. నాకు ఆ కోపం ఇంకా పోలేదు.

ఫిజియో_అమలాపురం
టీచర్ గారు చెప్పింది మన దేశంలో చాలా ఇళ్లలో ఉన్నదే. 2004లో లాన్సెట్ వైద్య పత్రికలో ఒక ఫొటో వచ్చింది. పుణేకి చెందిన డాక్టర్ యాజ్ఞిక్, ఇంగ్లండ్‌కి చెందిన డాక్టర్ యుడ్కిన్ పక్కపక్కన నిలబడి ఉంటారు. ఇద్దరి బీఎంఐ ఒకటే, 22.3. ఒంట్లో కొవ్వు కొలిస్తే యుడ్కిన్‌కి 9.1 శాతం, యాజ్ఞిక్‌కి 21.2 శాతం. రెట్టింపు కంటే ఎక్కువ! మనవాళ్లకి అదే బరువులో కొవ్వు ఎక్కువ, కండ తక్కువ. అందుకే మన దేశంలో బీఎంఐ 23 నుంచే అధిక బరువు అంటారు, 25 నుంచి ఊబకాయం. మూర్తి గారు 25 అన్నారు, నిజానికి మనకి ఇంకా ముందే జాగ్రత్త పడాలి.

అసలు ఆ లెక్క కట్టింది 1830లలో బెల్జియం దేశపు కెట్లే అనే ఆయన. ఆయన డాక్టరు కాదు, ఖగోళం, గణాంకాలు చదివిన మనిషి. జనాభాలో సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలనుకున్నాడు. బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. ఊరు మొత్తానికి అంచనా వేయడానికి బాగుంటుంది. ఒక మనిషిని కూర్చోబెట్టి తీర్పు చెప్పడానికి అదొక్కటే చాలదు.

లంక_కుర్రాడు
నేను పోలీసు సెలక్షన్స్‌కి ప్రాక్టీస్ చేస్తున్నా. 172 ఎత్తు, 78 కేజీలు. చార్టులో చూస్తే నా బీఎంఐ 26 పైనే, అంటే ఊబకాయం అట. రోజూ గోదారి ఇసకలో పరుగు, 1600 మీటర్లు హాయిగా కొడతాను. మా రూమ్మేట్ 62 కేజీలు, చార్టులో నిక్షేపంలా ఉంటాడు. రెండో రౌండ్‌కే కూలబడిపోతాడు.

మా అమలాపురం బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ కొట్టిన స్మాష్ 2023లో గంటకి 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకి ఎక్కింది. ఆ భుజంలో ఉన్న బలం ఏ కాటా మీద కనిపిస్తుంది?

కాటా_సుబ్బు
తమ్ముడూ, కరణం మల్లీశ్వరి గారిని మర్చిపోయావు. 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కేజీల విభాగం. అక్కడ ఒంటి బరువు చూసేది ఏ గుంపులో నిలబడాలో చెప్పడానికే. పతకం ఇచ్చింది ఎత్తిన 240 కేజీలకి.

మండపేట_మూర్తి
ఆటగాళ్ల ఉదాహరణలు మామూలు మనుషులకి పనికిరావు. ఈ వేదికలో ఎంతమంది సాత్విక్‌లు ఉన్నారు? మనలో బీఎంఐ 28 ఉన్నవాళ్లలో నూటికి తొంభై మందికి అది పొట్టే, కండ కాదు.

ఫిజియో_అమలాపురం
మీ తొంభై లెక్క ఎక్కడిదో గానీ, ఈ మాటలో నిజం ఉంది మూర్తి గారూ. మీ విషయంలో కాటా సరైన సంగతే చెప్పింది. 104 కేజీలు మోకాళ్ల మీద పడే భారం నిజమైన భారం. గుండె బలహీనంగా ఉన్నవాళ్లని అయితే డాక్టర్లే రోజూ బరువు చూసుకోమంటారు. రెండు మూడు రోజుల్లో రెండు కేజీలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందని గుర్తు. కాటాని పారేయమని నేను అనట్లేదు. నడక గారి ఒంట్లో జరిగింది, టీచర్ గారి అమ్మ ఒంట్లో జరిగింది అది చూడలేకపోయింది, అంతే.

రేవతి_రాజోలు
నా అనుభవం రాయాలి, చాలా రోజులుగా ఎవరికీ చెప్పలేదు.

రెండేళ్ల కిందట మా పేటలో ఒకావిడ పొద్దున్నే అందరినీ పిలిచి కాటా ఎక్కించి షేక్ పౌడర్ ఇచ్చేది. గోడ మీద చార్టు. ఎవరు ఎక్కువ తగ్గితే వాళ్లకి చప్పట్లు, ఫొటో. నేను 68 ఉండేదాన్ని. రెండు పూటలా పౌడర్, ఒక పూట గుప్పెడు అన్నం. రెండు నెలల్లో 9 కేజీలు తగ్గాను. ఫొటో తీశారు, చీర కప్పారు. అప్పటికే జుట్టు గుప్పెళ్లతో ఊడుతోంది. బావిలోంచి బిందె తోడలేకపోయేదాన్ని, ఊరగాయ జాడీ మూత తిప్పలేకపోయేదాన్ని. చెబితే "విషం బయటికి పోతోంది" అన్నారు.

పౌడర్ మానేశాక ఏడు నెలల్లో 11 కేజీలు వెనక్కి వచ్చాయి. నడుం మొదటికంటే 4 సెంటీమీటర్లు ఎక్కువైంది. పోయినప్పుడు కండ కూడా పోయింది, వచ్చినప్పుడు ఎక్కువగా కొవ్వే వచ్చిందని తర్వాత ఒక డాక్టరమ్మ వివరించింది. ఆ చార్టులో నా పేరు మొదటి వరసలో ఉన్న రోజే నేను అందరికంటే బలహీనంగా ఉన్నాను. ఎవరైనా ఎంత తగ్గావని అడిగితే ఇప్పటికీ నాకు ఒళ్లు మండుతుంది.

లక్ష్మి_టీచర్_తణుకు
రేవతీ, చదువుతుంటే కడుపు తరుక్కుపోయింది. ఇప్పుడెలా ఉన్నావు?

రేవతి_రాజోలు
బాగున్నానక్కా. బరువు ఇప్పుడు 66. బిందె ఒంటిచేత్తో ఎత్తుతున్నాను. అదే నాకు లెక్క.

పాలకొల్లు_పద్మ
నాదో డౌటు. ఆదివారం మా ఇంట్లో కోడికూర, బిర్యానీ, దాంట్లోకి ఆవకాయ. సోమవారం పొద్దున కాటా మీద కేజీ 400 గ్రాములు పెరిగింది. ఒక్క పూటకే ఇంత కొవ్వా అని టెన్షన్ వచ్చి మంగళవారం అంతా పస్తున్నాను.

ఫిజియో_అమలాపురం
పస్తు ఉండకండి తల్లీ. కేజీ కొవ్వు పట్టాలంటే దాదాపు 7,700 క్యాలరీలు అదనంగా తినాలి. కేజీ 400 గ్రాములకి 10 వేలు దాటుతుంది, ఒక్క ఆదివారంలో ఎవరూ తినలేరు. మీరు తిన్న ఉప్పు నీళ్లని పట్టుకుంది, అన్నం గ్లైకోజన్‌గా మారి ఇంకొన్ని నీళ్లని పట్టుకుంది, మిగతాది కడుపులో ఇంకా అరగని తిండి. బుధ, గురువారాలకి అదే దిగిపోతుంది. నెలసరి ముందు కూడా ఇలాగే నీరు చేరి పెరుగుతుంది. అన్నం పూర్తిగా మానేసినవాళ్లు మొదటి వారంలోనే రెండు మూడు కేజీలు తగ్గామని సంబరపడేదీ ఈ నీళ్లు పోయినందుకే.

చూసుకోవాలంటే పొద్దున లేచి బాత్రూమ్‌కి వెళ్లొచ్చాక, ఏమీ తాగకముందు, ఒకే కాటా మీద. వారం అంకెలు కలిపి సగటు చూడండి.

లంక_కుర్రాడు
మా జిమ్‌లో చెప్పులిప్పి ఎక్కితే కొవ్వు శాతం చెప్పే మిషన్ ఉంది. పొద్దున 21 చూపించింది. సాయంత్రం పరుగు అయ్యాక ఎక్కితే 25. పగటిపూటే నాలుగు శాతం పెరిగానా?

కాటా_సుబ్బు
తేమ మిషన్ కూడా అంతే తమ్ముడూ, గింజ వేడిగా ఉన్నప్పుడు ఒక అంకె, చల్లారాక ఇంకోటి.

ఫిజియో_అమలాపురం
సుబ్బు గారు దగ్గరకి వచ్చేశారు. ఆ మిషన్ పాదాల గుండా చిన్న కరెంటు పంపుతుంది. నీళ్లు ఎక్కువున్న కండలోంచి అది సులువుగా పోతుంది, కొవ్వు అడ్డుపడుతుంది. ఆ అడ్డుని బట్టి లెక్క కట్టి శాతం చెప్తుంది. చెమట పట్టి ఒంట్లో నీళ్లు తగ్గితే కొవ్వు ఎక్కువున్నట్టు చూపిస్తుంది. ఎప్పుడూ ఒకే సమయంలో, ఒకే మిషన్ మీద ఎక్కి, నెలకోసారి ఎటు వెళ్తోందో చూసుకో, చాలు. డెక్సా స్కాన్ అయితే రెండు రకాల ఎక్స్‌రేలతో ఎముక, కొవ్వు, కండ విడివిడిగా చూపిస్తుంది. మామూలు అవసరాలకి టైలర్ టేపు సరిపోతుంది.

టేపు పెట్టే చోటు గురించి ఒక్క మాట. ప్యాంటు సైజు నడుం కొలత కాదు. మన మగవాళ్లు చాలామంది ప్యాంటు పొట్ట కిందకి కట్టి "నాది 34 సైజే" అంటారు. కింది పక్కటెముకకీ తుంటి ఎముక పైఅంచుకీ మధ్యలో, మామూలుగా ఊపిరి వదిలాక, టేపు బిగించకుండా కొలవాలి.

గట్టుమీద_నడక
నేను బొడ్డు దగ్గరే కొలిచాను, మార్చాలా?

ఫిజియో_అమలాపురం
రెండుసార్లూ అక్కడే కొలిచారు కాబట్టి పోల్చుకోవడానికి అదే చోటు ఉంచండి. 84తో చూసుకునేటప్పుడు మాత్రం నేను చెప్పిన చోట కొలవండి.

రొయ్యల_చెరువు_భీమవరం
తిండి సంగతి ఎవరూ ఎత్తలేదు. కండ గాలిలోంచి రాదు కదా. మనం మూడు పూటలా అన్నమే, పక్కన కూర చెంచాడు.

లక్ష్మి_టీచర్_తణుకు
హైదరాబాద్ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవాళ్లకి కేజీ బరువుకి 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి. 60 కేజీల మనిషికి రోజుకి 50 గ్రాములు. గుడ్డుకి 6 గ్రాములు వస్తుంది, వంద గ్రాముల చేపకో రొయ్యకో 20 దాకా. మా తణుకు చుట్టూ ఎటు చూసినా కోళ్లఫారాలే, అయినా మా బడి పిల్లల తల్లులు గుడ్డు పిల్లాడికి పెట్టి తాము తినరు. అమ్మకి నేను రోజూ రెండు గుడ్లు, గట్టి పప్పు, పెరుగు బలవంతంగా పెడుతున్నాను. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం డాక్టర్ని అడిగే పెంచండి.

పాలకొల్లు_పద్మ
ఆత్రేయపురం పూతరేకుల గురించి ఎవరూ ఒక్క మాట కూడా అనొద్దు, ముందే చెప్తున్నా.

రొయ్యల_చెరువు_భీమవరం
ఎవరంటారమ్మా, పండక్కి నాలుగు తినండి, మర్నాడు కాటా ఎక్కకండి.

మండపేట_మూర్తి
ఇందాకటి నుంచి చదువుతున్నాను. ఇప్పుడే టేపు పెట్టుకున్నాను. బరువు 86, నడుం 101. ఎత్తు 174 కాబట్టి 87 ఉండాలి. ఆరు నెలలుగా నాకు కాటా ఆగిపోయింది, తిండి ఇంకా ఇంకా తగ్గిస్తూ పోతున్నాను. చేతులు సన్నబడ్డాయని మా ఆవిడ అంటోంది, నేను పట్టించుకోలేదు. బరువులు ఎత్తడం 58 ఏళ్లకి మొదలుపెట్టొచ్చా?

ఫిజియో_అమలాపురం
తప్పకుండా. మీ వయసుకే ఎక్కువ అవసరం. బీపీ ఉంది కాబట్టి ముందు మీ డాక్టర్ గారితో ఒకసారి మాట్లాడండి. ఎత్తేటప్పుడు ఊపిరి బిగబట్టొద్దు. కుర్చీలోంచి లేచి కూర్చోవడం, గోడకి చేతులు ఆనించి పుషప్, రెండు చేతుల్లో రెండు లీటర్ల నీళ్ల సీసాలు, వీటితో మొదలుపెట్టండి. తిండి ఇంకా తగ్గించకండి.

టీచర్ గారూ, మీ అమ్మగారికి ఇంట్లోనే ఒక పరీక్ష చేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని కుర్చీలోంచి అయిదుసార్లు లేచి కూర్చోవాలి. 12 సెకన్లు పట్టినా, దాటినా కాళ్లలో బలం తగ్గినట్టు గుర్తు. గోడకి ఆనించిన కుర్చీ వాడండి, పక్కనే నిలబడండి.

లక్ష్మి_టీచర్_తణుకు
చేయించాను. 21 సెకన్లు. నాలుగోసారికి నా చెయ్యి పట్టుకుంది. 47 కేజీలని ఇన్నేళ్లు ధైర్యంగా ఉన్నాం.

ఫిజియో_అమలాపురం
కంగారు పడకండి, ఇది పెరిగే బలమే. కుర్చీ మీద దిండు వేసి ఎత్తు పెంచండి. పొద్దున అయిదు, సాయంత్రం అయిదు. వారం తర్వాత దిండు తీసేయండి.

గట్టుమీద_నడక
ఆ చెకప్ కాగితం వెనక వైపు నేనే రాసుకున్నాను: నడుం 96 నుంచి 89.5. కుర్చీ అయిదుసార్లు 8 సెకన్లు. రేపు పొద్దున జిమ్‌కి వెళ్తున్నాను. షుగర్ మళ్లీ వచ్చే నెల చేయించి ఇక్కడే రాస్తాను.

లక్ష్మి_టీచర్_తణుకు
మూడు వారాలైంది. దిండు తీసేశాం. ఇవాళ అమ్మ 16 సెకన్లలో లేచింది, నా చెయ్యి పట్టుకోలేదు. రేపటి నుంచి ఆరుసార్లు చేస్తానంటోంది.